రెండో దశలో మా వీధి

మరక ఉన్న వైపు లోపలికి మడిచి, మంచి వైపు పైకి పెట్టి చూపించాలి. పరుపులూ దిండ్లూ అమ్ముకుంటూ ఈ వయసుకొచ్చాను, ఈ పద్ధతి నాకెప్పుడూ నష్టం తేలేదు. మరకనే పైకి పెట్టి చూపించాల్సిన బేరం మాత్రం ఒక్కటే తగిలింది. అది మురుగు లైను బేరం.

నా గోదామూ మా అక్క ఇల్లూ పక్కపక్కనే, ఊరి పల్లపు అంచున. వీధిలోని మురుగంతా చివరనున్న గోతిలోకి పోతుంది. వాన పడితే పైవీధుల నీళ్ళు కూడా అందులోకే దిగుతాయి. గొయ్యి నిండాక ఆ నీళ్ళు వెనక్కి తన్ని, అక్క స్నానాలగదిలోంచి పైకొస్తాయి. నా దూదికి ఆ వాసన పట్టేస్తుంది. దిండు కొనేవాడు ముందు చేత్తో నొక్కుతాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. అక్కడితో బేరం చెడుతుంది.

మా వీధి దాకా లైను పొడిగిస్తామని మున్సిపాలిటీ వాళ్ళు ప్లాను గీశారు. అయితే మురుగు శుద్ధి చేసే కేంద్రం చుట్టుపక్కల పట్టణాలన్నిటికీ కలిపి ఒక్కటే. అందుకని ఏ నేలలో ఇళ్ళుండాలి, ఏది పొలంగా మిగలాలి, ఎవరికి లైను ముందు వెయ్యాలి అన్నది ప్రాంతీయ కమిటీ తేల్చాలి. ప్లాను వాళ్ళ దగ్గర నలిగీ నలిగీ, చివరికి వీధులు కళ్ళారా చూసి మొదటి దశ, రెండో దశ అని విడగొడతామని కబురొచ్చింది. రెండో దశంటే మన మనవలకని వాళ్ళ ఆఫీసు గుమాస్తాయే నవ్వుతూ చెప్పాడు.

ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఎవరూ ఊడవకండి, గొయ్యి తోడించకండి, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి అని. అక్క మొహం చిట్లించింది.

"నలుగురూ వస్తుంటే ఇల్లు అలా ఉంచుకుంటామా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందిరా."

"పడనీ అక్కా. వాళ్ళు చూడాల్సింది అదే."

బావ పేపరు మడిచాడు. "పరుపులు అమ్ముకునేవాడివి, కంపు అమ్మడం ఎప్పుడు మొదలెట్టావు బామ్మర్దీ?"

గుమ్మాల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వారు కదా, ఒప్పుకున్నారని రాసుకున్నాను. అక్కడే లెక్క తప్పింది.

కమిటీని వెంటబెట్టుకుని మలుపు తిరిగేసరికి వీధి అద్దంలా ఉంది. ముందురోజు నేను సరుకు కోసం వెళ్ళినప్పుడు ట్యాంకరు పిలిపించి గొయ్యి తోడించేశారట. గోడల వెంట సున్నం చల్లారు. ఎవరి పూలకుండీలు వాళ్ళు గుమ్మం ముందుకు తెచ్చి పెట్టుకున్నారు. ఇస్త్రీ బట్టల్లో జనం నిలబడి ఉన్నారు, పెళ్ళిచూపులకు నిలబడ్డట్టు. నేను పంతం కొద్దీ గోతి మూత ఎత్తాను. అడుగు కనిపించింది.

వాన పడితే చూడాలండీ అన్నాను. కమిటీ పెద్దావిడ తలెత్తి ఆకాశం చూసింది. ఎండ మాడుతోంది. ఈ మాట ఆవిడ ప్రతి వీధిలోనూ వింటూ వచ్చి ఉంటుంది. అక్క అందరినీ లోపలికి పిలిచి, బీరువాలోంచి తీసిన కప్పుల్లో టీ ఇచ్చింది. ఇంత శుభ్రమైన వీధి ఇంతవరకూ చూడలేదని పెద్దావిడ మెచ్చుకుంది. పక్కనున్న కుర్ర ఇంజనీరు అది రాసుకున్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. అక్క కేకకు గోదాములోంచి పరుగెత్తాను. స్నానాలగది దాటి ముందుగదిలోకి నల్లటి నీళ్ళు వచ్చేశాయి. బావ లోపలి గదిలో సామాను మంచాల మీదికి ఎక్కిస్తున్నాడు. అక్క చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, చీలమండల లోతు మురుగులో నిలబడి బకెట్టుతో తోడుతోంది. ఇప్పుడు పిలవవే నీ చుట్టాల్ని అందామని నోరు తెరిచాను.

తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే కుర్ర ఇంజనీరు. ఎండకని తెచ్చుకున్న గొడుగు పొద్దున ఇక్కడే మరిచిపోయాడు.

కాళ్ళ దగ్గరికొచ్చిన బేరం. నివేదిక ఇంకా రాసి ఉండరు. తలుపు బార్లా తీస్తే చాలు, నేను ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. గడియ మీద చెయ్యి వేశాను.

"ఒరేయ్," అంది అక్క, చిన్నగా.

బకెట్టు కింద పెట్టి, తడి చేతులతో చీర కిందికి దించుకోబోయింది. దించితే అంచు మురుగులో పడుతుంది. దించలేక, అలాగే నిలబడలేక, నా వైపు చూసింది.

తలుపు జానెడు తీసి, ఆ సందులోంచి గొడుగు అందించాను.

అతను తీసుకుని, కదలకుండా అక్కడే నిలబడ్డాడు. "లోపలికి నీళ్ళేమైనా వచ్చాయాండీ?"

"లేదండీ. అక్క గది కడుగుతోంది."

గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. నేను చీపురు అందుకున్నాను. గోతిలోకి తొయ్యడానికి లేదు కాబట్టి, వచ్చిన నీళ్ళనే బకెట్లతో దొడ్డిగోడ అవతలికి పారబోశాం.

తర్వాత ఉత్తరం వచ్చింది. బావ పైకి చదివాడు. నివాసులు తమ వీధిని ప్రశంసనీయంగా నిర్వహించుకుంటున్నారు. వాన సమయంలో కూడా నీరు ఇళ్ళలోకి రావడం లేదని నిర్ధారణ అయింది. ప్రస్తుత ఏర్పాట్లు సరిపోతాయి. రెండో దశ.

వాన సమయంలో అన్న మాట దగ్గర బావ ఆగి నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

"ఆ మొదటి ముక్క ఇంకోసారి చదవండి," అంది అక్క.

లేచి గోదాముకు పోయాను. పరుపుల కింది పలకలు ఇంకో ఇటుక ఎత్తు లేపాలి. ముక్కు దగ్గర దిండు పెట్టుకునేవాడికి చెప్పడానికి ఏదైనా కొత్త అబద్ధం కూడా చూసుకోవాలి.