ఇవతల ఒడ్డు

మా ఆవిడ నూకమ్మ మొక్కు మూడు కార్తీకాలది. నాకు గుండెలో స్టెంటు వేసిన ఏడు మొక్కుకుంది. నెల పొడుగునా తెల్లవారుజామున స్నానం చేసి, నడిచి వెళ్లి శివుడి దర్శనం చేసుకోవాలి. అంతవరకూ పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు, ఏ బండీ ఎక్కకూడదు. మొదటి రెండేళ్లూ ఇబ్బంది లేకుండా జరిగిపోయింది. భిలాయి కోహ్కాలో మా ఇంటినుంచి గుడి పది నిమిషాల నడక. నా ప్రాణానికి ఆవిడ కాళ్లు పూచీ పడటం న్యాయమేనా అని అప్పుడప్పుడూ అనిపించేది. పైకి అనలేదు. ఆవిడకీ దేవుడికీ మధ్య కుదిరిన మాట అది.

మూడో ఏడు మా అబ్బాయి ఉదయ్‌కుమార్‌కి కార్తీకంలోనే సెలవు దొరికింది. కారులో మహానది వెంబడి తిరుగుదామని టెంటు కొనుక్కొచ్చాడు.

"మళ్లీ క్యాంపా?" అంది నూకమ్మ. క్యాంప్ టూ బస్తీలో ఇరవయ్యారేళ్లు రేకుల ఇంట్లో కాపురం చేసి కోహ్కాకి వచ్చిన మనిషి. "ఆ రేకులు ఒదిలీసి ఇప్పుడీ గుడ్డలోకా?"

"ఇది వేరే క్యాంపమ్మా. ఘూమ్‌నే వాలా, ఊళ్లు తిరిగేది."

"ఏ వాలా అయితే నాకేటి? నా మొక్కు ఏటవుద్ది?"

దానికి కోడలు భాగ్యరేఖ పూచీ పడింది. "నది పక్కనే టెంట్ వేద్దాం అత్తమ్మా. స్నానం అక్కడే. గుడి ఉన్న ఊరు పైదల్ నడిచి పోయే దూరంలో ఉంటేనే ఆగుదాం. నేను చూస్తాను కదా."

భిలాయిలో పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ లెక్కపెట్టడం, కోప్పడటం హిందీలోనే. ఆ పని మాత్రం శ్రద్ధగా చేసింది. నేల చదునుగా, నీటికి ఎత్తుగా ఉండాలి. గుడి రెండు కిలోమీటర్లు దాటకూడదు. ఫోనులో మ్యాపు చూసి ఊరుకోకుండా ఆ ఊళ్లో తెలిసినవాళ్లెవరో ఒకర్ని పట్టుకుని అడిగేది. రాజిం దగ్గరా, సిర్పూర్ దగ్గరా ఆమె ఎంచిన చోట్లకి వంక పెట్టడానికి లేదు. నూకమ్మ కూడా టెంటులో బాగా నిద్రపోయింది, ఒప్పుకోలేదు గానీ.

మూడో మజిలీ సెమర్‌డీహ్. స్టీలు ప్లాంటు రైలు మిల్లులో నాతో పనిచేసిన గురునాథరావు రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్న చిన్న ఊరు. భాగ్యరేఖ ఫోను చేస్తే, "ఊళ్లోకి రానక్కర్లేదమ్మా. ఇవతల ఒడ్డున దిగండి. మంచి చోటు. గుడి అరకిలోమీటరు" అన్నాడట. ఆమె నోటుబుక్కులో రాసుకుంది: ఇవతల ఒడ్డు, అంటే ఇస్ పార్.

దారిలో టైరు పంక్చరై, చేరేసరికి చీకటి పడింది. ఊరి దీపాలు దగ్గరగానే కనిపించాయి. టెంటు వేసి పడుకున్నాం.

తెల్లవారుజామున స్నానానికి దిగిన నూకమ్మ తడి చీరతోనే వెనక్కి వచ్చి, "ఏవండీ, ఊరు అటుంది" అంది.

వెళ్లి చూశాం. మంచు విడుతోంది. మా ముందు ఇసుక, ఇసుక తరవాత నీళ్లు, మళ్లీ ఇసుక. దాని వెనక ఊరు. గుడి శిఖరం మీద జెండా కూడా కనిపిస్తోంది.

గురునాథరావుకి ఫోను చేశాను. "అదేటి బావా, ఇవతలని చెప్పేను గదా" అన్నాడు. "అవతలకి ఎందుకు పోయేరు?"

"మేం ఇవతలే ఉన్నాం."

"నేను ఇవతలున్నాను. మీరు అవతలున్నారు."

కాసేపు ఇద్దరం అలాగే వాదించుకున్నాం. ఆయన తన గుమ్మంలో నిలబడి ఇవతల అన్నాడు. మేం భిలాయి నుంచి వస్తూ ఇవతల అనుకున్నాం. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వస్తే గుడికి తొమ్మిది కిలోమీటర్లట.

భాగ్యరేఖ ముఖం చిన్నబోయింది. "నాకు తెలుగు సరిగ్గా రాదు మావయ్యా. గల్తీ నాదే."

"తెలుగు తప్పు కాదమ్మా" అన్నాను. నిజంగానే కాదు. పుట్టినప్పటినుంచీ తెలుగు మాట్లాడి నేను మాత్రం ఏం అడిగి ఉండేవాణ్ణి?

"కారులో పదిహేను మినిట్లు. ఒక్కరోజుకి భగవాన్ ఏమీ అనుకోడు అమ్మా," అన్నాడు ఉదయ్.

"ఆయన అనుకోడు. నేననుకుంటాను."

"పోనీ శిఖరం కనిపిస్తోంది కదా. శిఖర దర్శనం కూడా దర్శనమే" అన్నాను నేను.

"అది శ్రీశైలంలో. ప్రతి ఊరికీ మీరే రూలు రాసీకండి."

"రానూపోనూ పద్ధెనిమిది కిలోమీటర్లు నడుస్తావా ఆ మోకాళ్లతో?"

"రానూ ఎందుకు? దర్శనం అయితే కారెక్కుతాను. తొమ్మిదే." చెప్పులు పక్కన పెట్టి కొంగు దోపుకుంది. రాత్రి ఏడింటికి తిన్న మనిషి. నీళ్లయినా తాగదు. ఆ తొమ్మిది ఎండెక్కేదాకా పడుతుందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

అప్పుడే ఒకాయన పార భుజాన వేసుకుని ఇసుకలోకి దిగుతున్నాడు. పేరు జితేంద్ర. పుచ్చపాదులకి గుంతలు తీయడానికి వచ్చాడట. పడవ ఉందా భయ్యా అని ఉదయ్ అడిగాడు.

"పున్నమి దాకా వేశారు. కార్తీకం అయిపోయింది కదా, ఒడ్డుకి లాగేశారు" అన్నాడు హిందీలో.

ఆ సంగతి నేను మరిచిపోయాను. ఇక్కడివాళ్ల నెల పున్నమికి తీరిపోతుంది. మనది అమావాస్య దాకా.

"మా కార్తీకం ఇంకా పన్నెండు రోజులుంది నాయనా" అంది నూకమ్మ తెలుగులోనే.

ఆయనకేం అర్థమైందో, ఆవిడ కాళ్లకేసి చూసి, "నడిచి వెళ్లండి అమ్మా. మా ఆడవాళ్లు రోజూ దాటుతారు. మోకాలి లోతు, ఒక్కచోట నడుందాకా. నేను చూపిస్తాను" అన్నాడు.

నూకమ్మ నావైపు చూసింది. నదిలో నడవడం నడకేనా అని అడుగుతోందనుకున్నాను. "నడకే" అన్నాను. నాకెవరు అధికారం ఇచ్చారో తెలీదు.

ఉదయ్‌ని కారుతో వంతెన మీదుగా రమ్మన్నాం. జితేంద్ర ముందు నడిచాడు. భాగ్యరేఖ టెంటు కర్ర ఒకటి ఊడదీసి, అడుగడుక్కీ నేల పొడిచి చూసి, అప్పుడు అత్తగారి చెయ్యి పట్టుకుని లాగేది. వెనక నేను. నడుం లోతు దగ్గర నీళ్లు చల్లగా, కొంచెం బలంగానే తోశాయి. నూకమ్మ కాలు జారింది.

"పట్టుకున్నాను అత్తమ్మా. రుకో, ఆగండి. ఇప్పుడు పెట్టండి."

"నన్ను కాదే, కర్ర చూసుకో. నువ్వు పడితే నేనెక్కడ పట్టుకోను?"

అరగంట పట్టింది. అవతల గట్టుమీద గురునాథరావు ఫ్లాస్కుతో నిలబడి ఉన్నాడు. "చెల్లెమ్మా, టీ తాగు, ఒణికిపోతున్నావు" అన్నాడు.

"ఇంకా కాలేదన్నయ్యా."

భాగ్యరేఖకి ఇస్తే ఆమె కూడా తీసుకోలేదు. పొద్దుటినుంచి తనూ ఏమీ ముట్టలేదని నాకు అప్పుడు తెలిసింది. తనకి మొక్కు లేదు. ఎవరూ అడగలేదు.

గుడిలో పూజారి లేడు. నూకమ్మ తనే లింగం మీద నీళ్లు పోసి, ఎప్పటిలాగే గోత్రం చెప్పుకుని పేర్లు చదివింది. మూడేళ్లుగా నా పేరు మొదట వస్తుంది. మొక్కు నాకోసం కాబట్టి. ఆరోజు మొదట భాగ్యరేఖ పేరు చదివింది. నాది తరవాత వచ్చింది.

భాగ్యరేఖ మెట్లమీద కూర్చుని తడి పాదాలకి అంటిన ఇసుక దులుపుకుంటోంది. విన్నట్టు లేదు.