అరువు వేళ్లు

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమెను కొడుతున్నప్పుడు అతను మేడ మీద కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇద్దరు కాపలావాళ్లు. ఒకడు జుట్టు పట్టి వంచాడు, ఇంకొకడు కర్రతో వీపు మీద బాదాడు. పది నిమిషాల కిందట అదే గేటు ముందు కాంట్రాక్టరు ఆమెతో చెయ్యి కలిపి, కెమెరా కేసి తిరిగి నవ్వాడు. ఫొటో అయ్యాక ఆమె ఒక్క మాట అడిగింది. "రేకులు నొక్కే ప్రెస్సుకి, చేతులు లోపల పడకుండా గార్డు ఎప్పుడు బిగిస్తారయ్యా?" అదీ ఆమె చేసిన నేరం.

అతను కిటికీ రెక్క మూశాడు. చప్పుడు తగ్గింది. దెబ్బలు తగ్గలేదు.

కాంట్రాక్టరు ఎన్నికల్లో నిలబడ్డాడు. ఫోన్లలో తిరిగే అతని ప్రచారం బొమ్మలన్నీ ఇతని చేతి మీదుగానే వెళ్లాలి. ఫ్యాక్టరీలో అందరూ ఇతన్ని బొమ్మలాయన అనేవారు. ఆ ఫొటోని తెర మీద పెద్దది చేసి చూస్తే, ఆమె కుడిచేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. మొండి మీద చర్మం ఇంకా ఎర్రగానే ఉంది. ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, తప్పు వాళ్ల నెత్తిన వేయడానికి వీలుండేది. మచ్చ కనిపిస్తే చెరపడం, వంకర కనిపిస్తే సరిచేయడం అలవాటైపోయిన చెయ్యి దానంతట అదే కదిలింది. తన కుడిచేతి వేళ్లు రెండిటినీ ఫొటో తీసి, రంగు కలిపి, ఆమె చేతికి అతికించాడు. అతుకు ఎక్కడుందో తనకే తెలియలేదు. లోపల చిన్న గర్వం కూడా కలిగింది. కొట్టించినవాడి కంటే ఆ గర్వాన్నే అతను తర్వాత ఎక్కువ అసహ్యించుకున్నాడు.

కింద రాశాడు, "చెయ్యి కలుపుదాం."

మధ్యాహ్నం షిఫ్టు మారేసరికి బొమ్మ అందరి ఫోన్లలోకీ చేరింది. కింద ప్రెస్సు హాల్లో ముందు నవ్వు వినిపించింది. "ప్రెస్సక్కా, నీకు వేళ్లు మొలిచాయే!" అని ఎవరో అరిచారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. మెట్లు అదిరాయి. తలుపు తోసుకుని ముప్పై మంది లోపలికొచ్చారు. ముందు ఆమె. పెదవి చిట్లి ఉంది.

"బొమ్మలాయనవి నువ్వేనా?"

"అవునమ్మా."

"అమ్మా గిమ్మా తర్వాత. నా వేళ్లు నీ దగ్గరున్నాయంట. ఇటివ్వు."

మొండి చెయ్యి తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"ఇవ్వవయ్యా, మొహమాటమెందుకు?" అన్నాడు వెనకనుంచి బట్టతల ఫిట్టరు. "మావాడికి కన్ను పోయింది, అదీ గీసివ్వు. పుణ్యముంటుంది."

అతను తన కుడిచేతి వేళ్లకేసి చూసుకున్నాడు. చివరికి, "అవి నావి," అన్నాడు.

ఆ చేత్తోనే ఆమె అతని చెంప పగలగొట్టింది. నొప్పి కంటే ముందు అతనికి వింతగా ఊరట కలిగింది, ఎవరో ఇన్నాళ్లకు తనని చూసినట్టు. కిందపడిన కళ్లజోడు తీసుకుని అన్నాడు. "అసలు ఫొటో నా దగ్గరుందక్కా."

తమ బొమ్మ ఎలా ఉండాలో తేల్చడానికి ఆ రాత్రి సామాన్ల షెడ్డులో మీటింగు పెట్టారు. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"పదకొండు డిమాండ్లూ వెయ్యి," అన్నాడు ఫిట్టరు. "పైన జెండా. కింద సంఘం పేరు, నాయకుల ఫొటోలు."

"అన్నీ వేస్తే ఏదీ కనపడదు బాబాయ్," అన్నాడు బొమ్మలాయన. " వేలితో ఒక్క తోపు తోసేలోపు కంట్లో గుచ్చుకోవాలి. పగిలిన ఫోన్లో, ఎండలో కూడా కనపడాలి."

"అంటే పది డిమాండ్లు గంగలో కలపమంటావా? నీ ఉద్యోగం బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

"బాబాయ్, ఆగు," అంది ఆమె. "నా మొహం వద్దు. నా ఒక్కదాని చెయ్యీ వద్దు. ఒక్కదాన్నే అయితే అయ్యో పాపం అనేసి ఊరుకుంటారు. ఇక్కడ ఎవరి చెయ్యి సక్రమంగా ఉంది? ఏదీ, ఎత్తండి."

ఎత్తారు. కాలినవి, గోళ్లు ఊడినవి, కురచవి. అతను లెక్కపెట్టలేదు, తల దించుకున్నాడు.

నల్లటి చట్రం ఒకటి తయారుచేశాడు. మధ్యలో ఖాళీ. కింద పెద్దక్షరాలతో నాలుగే మాటలు. "చెయ్యి దిద్దొద్దు. గార్డు బిగించు." ఆ ఖాళీలో ఎవరి చెయ్యి వాళ్లు పెట్టుకోవాలి. మొదటిది ఆమెది. మర్నాడు పొద్దున్నకల్లా వందల చేతులు ఫోన్ల నిండా లేచాయి. ఏడింటి షిఫ్టులో ప్రెస్సు కింద రేకు పెట్టినవాళ్లు లేరు.

తొమ్మిదింటికి ఇనప కడ్డీలతో కాంట్రాక్టరు మనుషులు ప్రెస్సు హాల్లోకి దిగారు. ఫిట్టరు తల పగిలి గోడంతా రక్తం చిమ్మింది. జనాన్ని బయటికి తరిమి తలుపు గడియ పెట్టారు. బొమ్మలాయన్ని ఈడ్చుకెళ్లి ప్రెస్సు ముందు మోకాళ్ల మీద కూలదోశారు.

కాంట్రాక్టరు నెమ్మదిగానే అడిగాడు. "దానికి ఏ వేళ్లు అరువిచ్చావురా?"

ఎడమచెయ్యి చూపిద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనను అతను దూరం నుంచి, ఎవరిదో అయినట్టు చూశాడు. వాళ్లు అతని జవాబు కోసం ఆగలేదు. కుడిచెయ్యి లాగి సందులోకి తోశారు. గార్డు ఉండి ఉంటే ఆ సందులో చెయ్యి దూరేదే కాదు. ప్రెస్సు ఒక్కసారే దిగింది.

ఆ కేకకి బయటున్నవాళ్లు తలుపు విరగ్గొట్టారు. రేకులు, స్పానర్లు, వట్టి చేతులు. కడ్డీలు పట్టుకున్నవాళ్లు కడ్డీలు వదిలేసి పరిగెత్తారు. కాంట్రాక్టరు యంత్రం వెనక నక్కి, పోలీసులొచ్చాక బయటికొచ్చాడు. యంత్రాలు పాడుచేశారని పోలీసులు పట్టుకెళ్లింది మాత్రం ఆమెనూ బొమ్మలాయన్నీ.

వ్యానులో ఆమె తన కొంగు చింపి అతని చేతికి చుట్టబోతూ ఆగింది. నడుము దగ్గర దోపుకున్న ఫోన్ తీసి, ఎడంచేత్తో ఆ చెయ్యి ఫొటో తీసింది.

అతను పళ్లు బిగబట్టి, "చట్రం మధ్యకి... రానివ్వక్కా," అన్నాడు.

"వంకరగానే ఉండనీ తమ్ముడూ," అంటూ ఫొటో అందరికీ పంపేసి, కొంగు గట్టిగా చుట్టింది.

ఎదురుగా కూర్చున్న కానిస్టేబులు చెయ్యి చాపాడు. "ఏయ్, ఆ ఫోనిటివ్వు."

"తీసుకో. బొమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది."

వ్యాను గేటు దాటలేకపోయింది. ముందు చక్రాలకు అడ్డంగా జనం కూర్చుంటున్నారు. కిటికీ అద్దాల మీద చేతులు పడ్డాయి. ఒకటి, పది, ఇక అద్దమే కనబడలేదు. దిద్దిన చెయ్యి ఒక్కటీ లేదు.