గంగారత్నం కూర్చునే చోటు

హనుమాన్ జంక్షన్ చేపల బజారులో గంగారత్నం తొమ్మిదేళ్లుగా ఒకే చోట కూర్చుంటోంది. భర్త ఎల్లారావు కొల్లేటిలో వల వేస్తాడు, ఆమె అమ్ముతుంది. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు లేరు. రెండుసార్లు నెల తప్పింది గానీ మూడో నెల దాటలేదు. ఆ తరవాత నెలసరి రోజులు ఐదల్లా పన్నెండుకు చేరాయి. ముదురు రంగు చీరలే కట్టుకునేది, పీట మీద పాత గుడ్డ మడిచి వేసుకునేది. ఎవరికీ చెప్పేది కాదు.

1998 వేసవిలో ఒక ఉదయం బొచ్చె చేప తూస్తూనే పక్కకు ఒరిగిపోయింది. చేప కోసం ఎదురుగా నిలబడి ఉన్న బీబీజాన్ ఆమెను పట్టుకుంది. ఆ వీధి చివరి సైకిల్ షాపు బీబీజాన్ భర్త అబ్దుల్ రవూఫ్‌ది. చీర తడిసి ఉండటం చూసి బీబీజాన్ తాను కప్పుకున్న చాదరు తీసి గంగారత్నం నడుముకు చుట్టింది. రిక్షా ఎక్కించి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ స్కానింగ్ తీసి, గర్భసంచిలో గడ్డలున్నాయని, సంచి తీసేస్తే ఏ బాధా ఉండదని చెప్పారు. వారంలో రమ్మన్నారు.

"నువ్వు బతికుంటే చాలు రత్నం. తీయించేద్దాం" అన్నాడు ఎల్లారావు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు బీబీజాన్ చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నాకు ఇరవయ్యారేళ్లకే తీసేశారమ్మా" అంది. "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంకెందుకన్నారు. నాకేం జబ్బు చేసిందో ఇప్పటికీ తెలీదు. అడగాలని కూడా అప్పుడు తెలీలేదు. మా చెల్లెలు అర్ఫా పటమటలో శివపార్వతి డాక్టరమ్మ దగ్గర నర్సు. ఒకసారి చూపిద్దాం. ఆపైన నీ ఇష్టం."

శివపార్వతి మళ్లీ స్కానింగ్ చేయించి, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

"మూడు గడ్డలున్నాయి. కేన్సరులా కనిపించడం లేదు. ఈ రెండూ బయటివైపు ఉన్నాయి, వీటితో పెద్ద ఇబ్బంది లేదు. మూడోది లోపలికి పొడుచుకొచ్చింది. రక్తం పోతున్నది దీనివల్లే. బిడ్డ నిలవకపోవడానికీ ఇదే కారణం కావచ్చు."

"సంచి తీయాల్సిందేనా అండీ?" అనడిగాడు ఎల్లారావు.

"పిల్లలు వద్దనుకునేవాళ్లకి అదొక దారి. మందులతో రక్తం పోవడం తగ్గించొచ్చు గానీ, మందులు ఆపితే మళ్లీ మొదలవుతుంది. ఈమెకైతే గడ్డలు మాత్రమే తీసి సంచి కుట్టొచ్చు. కాకపోతే గడ్డలు మళ్లీ రావచ్చు. ఆపరేషన్‌లో రక్తం ఆగకపోతే సంచి తీయక తప్పదు. పిల్లలు పుడతారని నేను మాటివ్వలేను."

గంగారత్నం బొమ్మ గీసిన కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "ఉన్నదున్నట్టు చెప్పారు, అది చాలండీ. గడ్డలే తీయండి" అంది.

ఒంట్లో రక్తం చాలా తక్కువగా ఉంది. ముందు రెండు మూడు నెలలు మందులు వాడాలి, తరవాత ఆపరేషన్, ఆపైన మరో మూడు నెలలు బరువులెత్తకూడదు. తిరుగు బస్సులో గంగారత్నం తన బజారు బెంగ పక్కన కూర్చున్న బీబీజాన్‌తో చెప్పుకుంది.

"అన్నాళ్లు చోటు ఖాళీగా ఉంటే వేరేవాళ్లు కూర్చుంటారక్కా."

"నేను కూర్చుంటాలే."

"మీరా? చేపలు కోయడం వచ్చా?"

"తినడం వచ్చుగా. కోయడం నేర్చుకుంటా."

అన్నట్టే కూర్చుంది. మొదటి వారం వేళ్లు తెగాయి. పొలుసు సరిగా పోలేదని కొందరు విసుక్కున్నారు. ఇల్లంతా నీచు వాసనని రవూఫ్ గొణిగాడు గానీ, నాలుగో రోజు నుంచి కత్తిపీటకు తనే సానపెట్టి ఇచ్చాడు. నెల తిరిగేసరికి కొరమీను కూడా చక్కగా కోసిచ్చేది.

సెప్టెంబరులో ఆపరేషన్ అయింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. అర్ఫా బయటికొచ్చి, "గడ్డలు తీసేశారు. సంచి భద్రంగా ఉంది" అని చెప్పగానే ఎల్లారావు వరండాలో కింద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మూడు నెలల తరవాత గంగారత్నం తన చోటికి తిరిగొచ్చింది. నెలసరి ఐదు రోజులకు తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. అదే గొప్ప అనుకుంది. బిడ్డ కోసం ఏడాది ఆగమన్నారు, ఆగారు. ఆపైన మరో ఏడాది ఏమీ కాలేదు. చుట్టుపక్కలవాళ్లు విశేషమేమైనా ఉందా అని అడగడం కూడా మానేసిన రోజుల్లో నెల తప్పింది. మూడో నెల దాటింది. ఐదో నెల దాటింది. 2001 ఆగస్టులో, కుట్లున్న సంచికి నొప్పులు రానివ్వకూడదని ముందుగానే సిజేరియన్ చేసి శివపార్వతి ఆడపిల్లను బయటికి తీసింది.

పాపకు మూడో నెల రాగానే ఎత్తుకుని గంగారత్నం సైకిల్ షాపుకి వెళ్లింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్లింది.

"అక్కా, మీకు ఏమిచ్చుకోవాలో నాకు తెలీడం లేదు."

"ముందు పిల్లనియ్యి. మెడ కింద చెయ్యి పెట్టి జాగ్రత్తగా ఇయ్యి" అంది బీబీజాన్, చేతులు చాపి.

పాప ఆమె భుజం మీద తల వాల్చి కాసేపటికి కళ్లు మూసింది. రవూఫ్ చేతిలో సుత్తి చప్పుడు కాకుండా పక్కన పెట్టాడు.