కొబ్బరి పీచు పనికిరాదు

మా ఊరి పడవను ఏ బ్రష్‌తో కడగాలన్న విషయం మీద, ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సహాయ నిరాకరణ రోజుల్లో పెద్ద చర్చ జరిగింది. ఆఫీసుల్లో ఎవరూ కలం పట్టని రోజులవి. అందరికీ తీరిక ఉంది, ఆవేశం ఉంది. ఆ రెండూ వచ్చి పడవ మీద పడ్డాయి.

పడవ పెద్దదేమీ కాదు. పిల్లలు ఇరుకుగా కూర్చుంటే ఒక తరగతి పట్టే ఫైబర్ పడవ. ఘనపూర్ అవతల మా చెరువుకు ఆ ఒడ్డున తండా, ఈ ఒడ్డున హైస్కూలు. చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి దగ్గర దారి కోసుకుపోయాక తండా పిల్లలు ఒక్కొక్కరే బడి మానేశారు. నేను ఆ బడిలో టీచర్ని. నా భార్య రుక్మిణి కూడా అక్కడే టీచర్. ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పడవ తెప్పించింది. చలికాలం మొదట్లో జ్వరమంటే వరంగల్ దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడే పోయింది.

ఆమెకు వరసకు తమ్ముడు జగపతి. మాజీ సర్పంచ్, ఇప్పుడు ఊరి ఉద్యమ కమిటీ, అంటే జేఏసీ కన్వీనర్. పడవకు అక్క పేరు పెట్టి, జిల్లా నాయకుణ్ణి పిలిచి, ఘనంగా ప్రారంభిస్తానన్నాడు. అప్పటికే పడవ రోజూ నడుస్తోంది. నడుస్తున్నదాన్ని ప్రారంభించాలంటే ముందు ఆపాలి. ఆపారు. ఒడ్డుకు లాగి బోర్లించారు. అడుగంతా పచ్చటి పాకుడు.

“గిదేంది బావా, అక్క పేరు రాసే పడవకు గింత పాకుడా?” అన్నాడు జగపతి. “కడగాలె. మంచి బ్రష్‌తోని కడగాలె.”

మొదటి బ్రష్ మహబూబాబాద్ బజారు నుంచి వచ్చింది. కొబ్బరి పీచుది. చేతికి చక్కగా ఒదిగింది. పని అక్కడితో అయిపోయేదే. కానీ ఎరువుల దుకాణం బిక్షపతి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. జేఏసీలో జగపతి తరువాతి స్థానం అతనిది.

“కొబ్బరి యాడ కాస్తదన్నా?” అని అడిగాడు.

“కోనసీమల.”

“మరి? ఆళ్ల పీచుతోని మన పడవను రుద్దుతమా?”

అంత దూరం ఎవరూ ఆలోచించలేదు.

“గుళ్లె కొట్టే కొబ్బరికాయ సంగతేంది మరి?” అన్నాడు వెనక నుంచి ఎవరో.

“అది దేవుని లెక్క. గిది ఉద్యమం లెక్క,” అన్నాడు జగపతి. కొబ్బరి పీచు పనికిరాదని తీర్మానం అయింది.

రెండోది జనగామ నుంచి తెచ్చిన నైలాన్ బ్రష్. కవరు మీద హైదరాబాద్ అని ఉంది. హైదరాబాద్ మనదేనని చప్పట్లు కొట్టారు. రుద్దితే కుచ్చు పక్కకు వంగి, పాకుడు మీద నున్నగా జారింది. బిక్షపతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మనదే గని, పట్టు లేదన్నా.”

ఆ సమయంలోనే సక్రి వచ్చింది. తండా మనిషి. వెనకాల కూతురు అఖిల. పదో తరగతి. రుక్మిణి సాయంత్రాలు కూడా కూర్చోబెట్టి చదివించిన పిల్ల. కట్ట మీదుగా, మత్తడి నీళ్లు దాటి, అడవి వెంట తిరిగి వచ్చారు. తడిసిన చీర కుచ్చిళ్లు ఇంకా ఆరలేదు.

“పడవ ఎప్పుడు దిగుతది సార్?”

“కడగాలట.”

“కడిగితేనే తేలుతదా?”

నేను జగపతి వైపు చూశాను.

“రేపు పొద్దుగూకంగ లారీ వస్తది. గుంటూరు దిక్కు మిర్పకాయ ఏరనీకి పోతున్నం,” అంది. “పడవ నడిస్తే పిల్ల మా అత్తమామల కాడ ఉండి బడికొస్తది. లేకుంటే నాతోని లారీ ఎక్కుతది. నీళ్లల్ల దిగి ఒక్కతి రావాల్నంటే నాకు ధైర్యం లేదు.”

“పరీక్షలు దగ్గరికొచ్చాయి సక్రీ. మా ఇంట్లో ఉంచు.”

సక్రి నేల వైపు చూసింది. “మేడం ఉంటే అడగకపోయినా ఉంచుతుంటి సార్. ఇప్పుడు ఇంట్ల ఆడమనిషి లేదాయె.”

ఆమె తప్పుగా ఏమీ అనలేదు.

జగపతి చెవిన గుంటూరు మాట పడింది. “ఏందే సక్రీ, ఉద్యమం నడుస్తుంటే ఆంధ్రోళ్ల చేన్లకు కూలికి పోతవా?”

“నీ చేన్ల పనియ్యి పటేలా, గీడనే ఉంట.”

జగపతి నైలాన్ బ్రష్‌ను చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

మరునాడు మూడో బ్రష్ భూపాలపల్లి నుంచి వచ్చింది. బొగ్గుబాయిలో పనిచేసే శ్రీశైలం తెచ్చాడు. తుప్పు గీకే ఇనుప తీగల బ్రష్. ఫైబర్ మీద అది గీతలు పెడుతుందని అన్నాను.

“మీరు బడిల పాఠం చెప్పుర్రి సార్. ఉద్యమంల మెత్తదనం పనికిరాదు,” అన్నాడు శ్రీశైలం, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

పాకుడు నిజంగానే లేచింది. దానితోపాటు నీలం రంగు కూడా లేచింది. రంగు కింద, పడవ చేసినవాళ్లు అచ్చు వేసిన అక్షరాలు బయటపడ్డాయి. శ్రీశైలం మరింత ఉత్సాహంగా గీకాడు. కాకినాడ.

బిక్షపతి చదివి, నమ్మలేక మళ్లీ చదివాడు. “అన్నా, గిది ఆంధ్ర పడవనే!”

“లీడర్ గిండ్ల ఎట్ల కూసుంటడు? ఫోటో పేపర్ల వస్తది,” అన్నాడు శ్రీశైలం. అతని చేతిలో బ్రష్ ఆగిపోయింది.

జగపతి కుర్చీలోంచి లేచాడు. “ప్రోగ్రాం కేన్సిల్. పడవ వాపస్ పంపుదాం. రాష్ట్రం రానియ్యి, మన పడవ మనమే చేసుకుందాం.”

“అంతదాకా తండా పిల్లలు?” అన్నాను.

“జర ఓపిక పట్టాలె బావా. త్యాగం లేకుంట ఏదొస్తది?”

“ఎవరి త్యాగం?”



నేను చెప్పులు విడిచి, ప్యాంటు మడిచాను. సక్రి మామ లక్ష్మా రోజూ ఆ పడవ నడిపేవాడు. పొద్దుటి నుంచి తెడ్డు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను పడవ అంచు పట్టుకోగానే లేచి వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి తిప్పలేకపోయాం. చివరికి శ్రీశైలమే, ఎవరి వైపూ చూడకుండా, బ్రష్ కింద పెట్టి భుజం ఆనించాడు.

“బావా, ఆగు!” జగపతి నీళ్ల దాకా వచ్చాడు. “సగం పాకుడు, ఒళ్లంత గీతలు, మీదికెల్లి కాకినాడ. గిట్లనే దింపుతవా? అక్క పేరు పెట్టేది. అక్కకు నామోషి గాదా?”

“అక్క పేరు పెట్టొద్దు. ఉన్న పేరు చాలు.”

పడవ నీళ్లలోకి దిగి, కాస్త ఊగి, నిలబడింది. గీతల్లోంచి నీళ్లు రాలేదు. నేను ఎక్కి కూర్చోగానే లక్ష్మా తెడ్డు వేశాడు.

అవతలి ఒడ్డున సామాను కట్టుకుని మనుషులు లారీ కోసం ఎదురుచూస్తున్నారు. సక్రి పడవను చూసింది, మామను చూసింది, నన్ను చూసింది.

“రేపు గుంజుకపోరు గద సార్?”

“నేను రోజూ ఇందులోనే వస్తాను. గుంజితే నన్ను కూడా గుంజాలి.”

“బడి ఉన్నదా సార్? బందంటున్నరు,” అంది అఖిల.

“పదో తరగతికి ఉంది. ఎవరు రాకపోయినా నేను చెబుతాను.”

సక్రి ఇంకేమీ అడగలేదు. కింద కూర్చుని పెద్ద మూట ముడి విప్పింది. అఖిల బట్టలు ఒక్కొక్కటే తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. స్వెటర్ దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. అది కూడా తీసి ఇచ్చి, మూటను మళ్లీ కట్టుకుంది. ఈసారి అది చిన్నదైంది. దాన్ని ఎత్తుకుని లారీ వచ్చే దారి వైపు నడిచింది.