నర్గీస్ నాటిన శుక్రవారం

"ఉల్లిగడ్డలనుకుని కూరలో వేసేస్తావేమో, జాగ్రత్త!" అంది మామా, ఫ్రిజ్‌లో కింది సొరుగు నా చేత ఖాళీ చేయిస్తూ. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి. ఆ సొరుగులో పెట్టబోయేవి నర్గీస్ పూల గడ్డలు. ఇంగ్లీషులో డాఫోడిల్స్ అంటారట. హాలెండ్ నుంచి తెప్పించింది. కువైట్‌లో వాటికి సరిపడా చలి దొరకదు కనుక నాటేముందు కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలట. పక్కన యాపిల్ పండ్లు పెడితే లోపలి మొగ్గ పాడవుతుందట. రోజూ ఆమె సొరుగు తెరిచి, ఒక్కొక్క గడ్డనూ తడిమి చూసుకునేది. నేను పక్కన నిలబడి, పొత్తికడుపు చేత్తో నొక్కిపట్టుకునేదాన్ని.

ఎండాకాలం నుంచీ నాకు రక్తస్రావం ఆగడం లేదు. గుడ్డ మార్చుకుందామని బాత్రూముకు వెళ్తే "ఎక్కడున్నావు?" అని పిలుపు. మేడ మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. సల్వా పేటలోని ఈ ఇంట్లో నా భర్త గంగాధర డ్రైవరు, నేను పనిమనిషిని. రాయచోటి దగ్గరి మా ఊరి నుంచి ఇద్దరం ఒకే కఫీల్ దగ్గరికి, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరికి, వచ్చాం. పగలంతా మామాతో అరబ్బీ మాట్లాడేది నేనే. కానీ ఏదైనా అడగాల్సి వస్తే మాత్రం ఆయనే అడగాలి. ఆడది అడిగితే బాగుండదని వచ్చిన మొదట్లోనే చెప్పాడు. నేనూ సరేనన్నాను. అత్తగారింట్లో తల మీది బిందె దించమనడానికి కూడా నోరు పెగలని మనిషిని, అదేమంత కొత్తగా అనిపించలేదు.

ఆస్పత్రికి వెళ్దామన్న ప్రతిసారీ ఒకటే జవాబు. "మామాని అడిగినా. ఇప్పుడు కుదరదంటాంది. నన్నేం జేయమంటావు?" ఇంకా గట్టిగా అడిగితే, "ఆడోళ్ళందరికీ ఉండేదే గదా. మా యమ్మ యాపొద్దయినా డాక్టరు కాడికి పోయిందా?" అనేవాడు.

అలా మామా మీద ద్వేషం పెరిగింది. ఆమె తలకు నూనె రాస్తూ, ఆ తెల్లటి మెడ వైపు చూస్తూ, ఈమె ఆడది కాదా, ఈమెకు కడుపు లేదా అనుకునేదాన్ని. ఆమె ఏదైనా నవ్వుతూ చెబితే మరీ మండేది.

నవంబరు చివర్లో ఎండ తగ్గింది. తోటమాలి సెలవు మీద వెళ్ళాడు. మళ్ళు ఎవరు తవ్వుతారని మామా అడిగితే, "మా ఇంటిది చేస్తాది మామా. పల్లెటూరి మనిషి, మట్టి పని దానికి కొత్తా?" అన్నాడు గంగాధర. నన్ను మాటమాత్రం అడగలేదు. శుక్రవారం నాకు దొరికే పూట సెలవు అలా పోయింది.

ఆ శుక్రవారం ఇసుక తవ్వాను. ఎరువు మోసుకొచ్చి కలిపాను. గంగాధర గేటు దగ్గర కారుకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మామా నీడలో కుర్చీ వేసుకుని "గడ్డ ముక్కు పైకి ఉండాలి. మెల్లగా, నలగనీయకు" అని చెబుతుంటే, మోకాళ్ళ కింద స్పాంజి దిండు వేసుకుని ఒక్కొక్కటీ పెడుతున్నాను. నీరసంగా అనిపించి కాసేపు ఆ దిండు మీదే చతికిలబడ్డాను. లేచేసరికి దిండు తడిసి ఎర్రగా ఉంది.

మామా కూడా చూసింది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏమైంది వెంకటేశ్వరీ?"

"ఎండాకాలం నుంచీ ఇంతే మామా. ఆస్పత్రికి వద్దన్నది మీరే కదా."

"నేనా?" ఆమె తెల్లబోయింది. "నన్నెవరు అడిగారు?"

నేను గేటు వైపు చూశాను. గంగాధర ఫోన్ జేబులో పెట్టి, అద్దం మీద లేని దుమ్మును తుడవడం మొదలుపెట్టాడు.

మామా దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "పాపం, చెప్పొద్దూ నాకు! ఇప్పుడే తీసుకెళ్ళమంటాను." అంతలో ఆమె చూపు ట్రేలో మిగిలిన గడ్డల మీద పడింది. "ఫ్రిజ్‌లోంచి తీశాక ఇవి ఎండలో ఉంటే పాడైపోతాయి. ఈ ఒక్క వరుస పెట్టేసి వెళ్ళు, సరేనా?"

అంత మెత్తగా అంది. ఆమె చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. ఇన్నాళ్ళూ ఆయన చెప్పింది అబద్ధం. కానీ నిజంగా అడిగి ఉంటే ఆమె ఇచ్చే జవాబూ ఇంచుమించు అదే. నా ఒంట్లోంచి పోతున్న రక్తం ఒకరికి దాచాల్సిన సంగతి, ఇంకొకరికి కాస్త ఆగాల్సిన సంగతి. ఏడుపు రాలేదు. చేతిలోని గడ్డను ట్రేలో పెట్టేశాను.

"ఖలాస్, మామా" అన్నాను.

కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. గదిలోకి పోయి బట్టలు మార్చుకుని, నా సివిల్ ఐడీ కార్డు తీసుకుని బయటికొచ్చాను. శుక్రవారమూ తెరిచి ఉండే ఆస్పత్రి రెండు వీధుల అవతలే ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు దాని ముందు నుంచి పోలేదు!

గేటు దగ్గర గంగాధర అడ్డమొచ్చాడు. గొంతు తగ్గించి, "ఆపరేషనంటే పనికి రాదని నిన్ను ఇంటికి పంపిచ్చేస్తారే. ఊర్లో ఇల్లు సగంలో నిలబడిపోయింది. మన మంచికేనని మామాకు చెప్పల్యా" అన్నాడు. నేను పక్కనుంచి తప్పుకుని పోబోతే కారు తలుపు తెరిచాడు. "ఎక్కు. డాక్టరుకు అంతా నేను జెప్తాలే."

"నువ్వు రావద్దు" అన్నాను. "నా ఒంటి సంగతి నేనే చెప్పుకుంటా. ఇంటికి పొమ్మంటే, ఆ మాట కూడా నా చెవుల్తో నేనే వింటా."