గడియ ఉన్న గది

ఈ మూడో బొత్తాం ఎప్పుడూ ఇంతే, తొందరపడ్డామా కాజాలోకి దూరి చావదు, మళ్ళీ తలుపు కొట్టాడు, అన్నయ్యే, తలుపు తియ్యవే, నేను, అంటున్నాడు, నువ్వని తెలిసే కదా పై ప్రాణాలు పైనే పోయాయి అనుకుంటూ ఆమె మంచం అంచున కూలబడింది, ఇంత దూరం ఎలా వచ్చాడు, అడ్రసు అమ్మకొక్కదానికే చెప్పింది, అయ్యో అమ్మా, నీ కడుపులో ఒక్క మాటైనా ఒక్క పూట దాగదా, ఇక రాను, ఇక్కడే ఉండిపోతాను అని దేశం దాటాక మెసేజ్ పెట్టిందే గానీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యమే ఉంటే ఇలా దొంగలా ఎందుకొస్తుంది, అమ్మ సరిగ్గా తినట్లేదే, రేపటికి ఇద్దరికీ టికెట్లు తీశాను, అంటున్నాడు తలుపు అవతల నుంచి, ఇద్దరికీ అట, అడిగాడా, ఎప్పుడడిగాడు గనక, తలుపు తీస్తే అయిపోయినట్టే, పద అంటాడు, ఈ దిక్కుమాలిన కాళ్ళు పదమంటే నడిచేస్తాయి, వాటి సంగతి ఆమెకి తెలీదా.

గోళ్ళలో ఇంకా ప్లాస్టర్ పొడి ఉంది, పొద్దున్నుంచీ కట్టుడు పళ్ళకి అచ్చులు పోసి పోసి ఇప్పుడే వచ్చి కోటు విప్పి ఇంటి చొక్కా తొడుక్కుంటోంది, ఆ ల్యాబ్ యజమానురాలు, పెద్దావిడ, టకటకమని తట్టి గానీ ఆమె పనిచేసే గదిలోకి రాదు, మొదట్లో ఆ చప్పుడుకి ఉలిక్కిపడేది, తట్టడమనేది ఒకటుంటుందని ఇంట్లో ఎవరికి తెలుసు గనక, అక్క పదో తరగతిలో ఉండగా గడియ పెట్టుకుని ఏడ్చిందని నాన్న వడ్రంగిని పిలిపించి అన్ని గదుల గడియలూ ఊడబెరికించాడు, ఒకింట్లో మనుషులం, మనకి మనకి దాపరికాలేంటి అన్నాడు, ఆ కన్నాల్లో లప్పం పెట్టి రంగేశారు, ఎంత శుభ్రంగా వేశారో, అప్పట్నుంచీ బీరువా తలుపు చాటున బట్టలు మార్చుకోవడం, దువ్వెన కోసం అన్నయ్య వచ్చెయ్యడం, చూడట్లేదులేవే అనడం, ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరది అనడం, ఏడుపొస్తే స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడవడం, ట్యాంకు ఖాళీ చేస్తావా ఏంటి అని అమ్మ కేకలు, నాన్న పోయాక అడిగింది, అన్నయ్యా, నా గదికొక్క గడియ పెట్టించవా, నవ్వాడు, నాన్న తీయించింది నేను పెట్టిస్తానా పిచ్చిమొహమా అని నెత్తిమీద ఒక మొట్టికాయ వేశాడు, ప్రేమగానే, అదే కదా ఖర్మ, కొట్టి తిట్టేవాడైతే హాయిగా అసహ్యించుకునేది, జ్వరమొస్తే వీపున వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తినవాణ్ణి ఏమని అసహ్యించుకుంటుంది, దేవుడా, కిటికీలోంచి దిగి పారిపోతే, మూడో అంతస్తు, ఛీ, ఏం ఆలోచన, ముప్ఫై ఆరేళ్ళదానివి, తలుపు చప్పుడుకి ఇలా చస్తున్నావేంటే.

మళ్ళీ తట్టాడు, ఈసారి మెల్లగా, వేలి కణుపుతో, ఏమ్మా, లోపలికి రానా, అన్నాడు, ఆమె చేతులు ఆగిపోయాయి, ఏమన్నాడు, రానా అన్నాడా, బుద్ధెరిగాక అన్నయ్య నోట ఆ మాట ఎప్పుడైనా విందా, ఉన్నట్టుండి మారిపోయాడని కాదు, అదే అన్నయ్య, అదే మొండి మనిషి, మధ్యలో వేలెడంత ఇనపముక్క ఉంది, దాన్ని తియ్యాల్సింది ఆమె, అంతే, చూసుకుంటే బొత్తాలన్నీ ఒక కాజా తప్పి పెట్టుకొచ్చింది, అందుకే ఆ మూడోది అంత సతాయిస్తోంది, ఆగు అన్నయ్యా, బట్టలు మార్చుకుంటున్నాను, అంది, సరేలే, నిదానంగా కానీ, అన్నాడు, పెట్టె కింద పెట్టిన చప్పుడు, దానిమీద కూర్చున్నట్టున్నాడు, ఆగాడు, ఆగమంటే ఆగాడు, ఏడుపు తన్నుకొచ్చింది, కుళాయి తిప్పకుండానే ఏడ్చింది, వినపడితే వినపడనీ, బొత్తాలన్నీ విప్పి మొదటిదాన్నుంచి పెట్టుకోవడం మొదలుపెట్టింది, తలుపు తీస్తుంది, అన్నం పెడుతుంది, పక్క వేస్తుంది, రాను అన్నయ్యా అని మొహం చూసే చెప్తుంది, రేపు టాక్సీ దాకా వెళ్ళి సాగనంపుతుంది, ఒక టికెట్టు వృథా అవుతుంది, ఏం చేస్తాం.