మంగళవారం రాత్రి రెండు నలభై

సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీయగానే అసిస్టెంట్ నిధి చేసే మొదటి పని నేల మీద టవల్స్ పరవడం. ఆ తర్వాతే వచ్చిన పోస్టు విప్పుతుంది. షికాగో పక్కన అరోరాలో ఒక డెంటిస్ట్ క్లినిక్ పైనున్న ఆ రెండు గదుల లా ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. పాత కాగితం మడత విప్పితే అది రాసిన వేళ ఉన్న వాతావరణం బయటికొస్తుంది, జాగ్రత్త తప్పదు. పెళ్లి సర్టిఫికెట్లలో ఎక్కువగా మే నెల ఎండ ఉంటుంది. డిగ్రీ పట్టాల్లో ఉక్కపోత. జిరాక్స్ కాపీలో జిరాక్స్ తీసిన రోజే ఉంటుంది, స్కాన్‌లో ఏమీ ఉండదు. ఒరిజినల్ అయినా విప్పిన కొద్దీ పలచబడుతుంది. నిరుడు ఒక ఆయన తాతగారి భూమి పత్రం తెచ్చి విప్పితే తుఫాను గాలికి ప్రింటర్ కిందపడింది. ఆయన సారీ చెప్పాడు, నిధి కొత్త ప్రింటర్ ఆర్డర్ చేసింది, పని సాగింది.

ఆ ఆఫీసు నడిపే ఇమ్మిగ్రేషన్ లాయర్ జయంతికి యాభై రెండేళ్లు. ఒరిజినల్స్ చూడకుండా కేసు తీసుకోదు. చాదస్తం అని క్లయింట్లు వెనకాల అనుకుంటారని ఆమెకి తెలుసు. గెలిచాక వాళ్లే స్వీట్ బాక్స్ పట్టుకొస్తారని కూడా తెలుసు.

అక్టోబర్ మొదటి వారంలో నేపర్‌విల్ నుంచి దామోదర్, అతని భార్య కృష్ణకుమారి, కూతురు హాసిని వచ్చారు. దామోదర్ లాప్‌టాప్ తెరిచి స్ప్రెడ్‌షీట్ చూపించాడు. స్ప్రెడ్‌షీట్‌తో వచ్చే క్లయింట్లంటే జయంతికి ఒళ్లు మంట. కానీ ఇతని లెక్క సరిగ్గా ఉంది.

పన్నెండేళ్లు క్యూలో ఉన్నాక అక్టోబర్ ఒకటిన వాళ్ల గ్రీన్ కార్డ్ వంతు వచ్చింది. పిల్లలకు ఇరవై ఒకటి నిండకపోతేనే తల్లిదండ్రులతో పాటు వస్తుంది. ఆ రోజుకి హాసినికి ఇరవై ఒక్క ఏళ్ల పదిహేడు రోజులు. గ్రీన్ కార్డ్ కోసం దామోదర్ కంపెనీ వేసిన పిటిషన్ ప్రభుత్వం దగ్గర ఎన్ని రోజులుందో అన్ని రోజులు వయసులోంచి తీసేయమంటుంది చట్టం. అది పదిహేడు రోజులుంది. తీసేస్తే సరిగ్గా ఇరవై ఒకటి. నిండిపోయింది. ఒక్క రోజు తక్కువైనా చాలు, కానీ తక్కువ కాలేదు. ఇక హాసిని స్టూడెంట్ వీసా మీద ఉండాలి, చదువు అయ్యాక తన క్యూలో తను మొదటినుంచి నిలబడాలి. మూడేళ్ల వయసులో వచ్చిన పిల్ల. ఇద్దరు లాయర్లు కాలిక్యులేటర్ నొక్కి సారీ చెప్పి పంపారు.

"ఒక్క రోజు, ఆంటీ," అంది హాసిని. "అమ్మ నన్ను ఒక్క రోజు ఆపుకోలేకపోయిందా అని జోక్ వేస్తున్నా. ఇంట్లో ఎవరూ నవ్వట్లేదు."

జయంతి కూడా నవ్వలేదు. ఈ అమ్మాయి పేరున్న ప్రతి కాగితం, టీకాల కార్డుతో సహా, శనివారానికల్లా తెమ్మంది.

శనివారం వాళ్లు ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె నిండా తెచ్చారు. జయంతి ఒక్కొక్కటే విప్పింది. మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ కొట్టింది. టీకాల కార్డులోంచి పొగమంచు వచ్చి అందరి కళ్లద్దాలకీ పట్టింది. నాలుగు మూలలా పసుపు రాసిన జాతకం విప్పితే సాయంత్రపు గాలి వీచింది. జయంతి గాలిని పట్టించుకోలేదు, మొదటి వాక్యం రెండుసార్లు చదివింది. మంగళవారం రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు జననం.

"కృష్ణకుమారి గారూ, పాప పుట్టింది మంగళవారమా, బుధవారమా?"

"మంగళవారమేనండీ. తెల్లారితే కదా బుధవారం."

జయంతి పెన్ను కింద పెట్టింది. మున్సిపాలిటీలో తేదీ ఎవరు రాయించారని అడిగింది. తన తండ్రి ఈశ్వరయ్య గారే వెళ్లి, సెప్టెంబర్ పద్నాలుగు, మంగళవారం అని చెప్పి రాయించుకొచ్చారంది కృష్ణకుమారి. ఆయన తప్పేమీ చెప్పలేదు. ఆయన లెక్కలో సూర్యుడు వస్తేనే రోజు మారుతుంది. ప్రభుత్వం లెక్కలో గడియారం పన్నెండు దాటితే మారిపోతుంది. ప్రభుత్వం లెక్కలో హాసిని పుట్టింది పదిహేనో తేదీ.

దామోదర్ తల పట్టుకున్నాడు. "మేడం, టైమ్ జోన్లు సరిచేయడమే నా ఉద్యోగం," అన్నాడు.

"అయితే ఆపుకున్నావన్నమాట," అంది హాసిని తల్లితో.

"ఆపుకున్నానే. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి."

ఈసారి నిధితో సహా అందరూ నవ్వారు. జయంతి మాత్రం అప్పటికే జాబితా రాస్తోంది. జాతకం ఒక్కటే చూపిస్తే ఏ ఆఫీసరూ ఒప్పుకోడు. పురుడు పోసిన చోట రాసిన కాగితం కావాలి.

కోదాడలో హాసిని పుట్టిన నర్సింగ్ హోమ్ మూతపడి ఎనిమిదేళ్లయింది. కృష్ణకుమారి తమ్ముడు సాయి తేజ అప్పుడు పురుడు పోసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్న డాక్టరమ్మని వెతికి పట్టుకున్నాడు. ఆవిడ పాత రిజిస్టర్లు, కేస్ షీట్లు అన్నీ బీరువాలో దాచింది. రిజిస్టర్ చూపించి, ఉత్తరం రాసిచ్చి, మున్సిపాలిటీలో తేదీ సరిచేయించింది. పురుడు పోసినప్పుడు తన చేత్తో రాసిన కేస్ షీట్ మడత విప్పకుండా కవర్లో పెట్టి పంపింది. విప్పొద్దని ఫోన్ చేసి చెప్పింది జయంతే.

అప్లికేషన్ వెళ్లింది. ఇంటర్వ్యూ ఏప్రిల్‌లో అన్నారు. ఈలోగా దామోదర్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

"ఒక్కసారి విప్పి చూద్దాం మేడం. అందులో టైమ్ రాసి లేకపోతే?"

"రాశానని ఆవిడ చెప్పింది. ఇప్పుడు మనం చూసుకుంటే ఆఫీసర్‌కి మిగిలేది తుంపర. నాకు వాన కావాలి."

రాసి లేకపోతే అన్న భయం జయంతికీ ఉంది. ఆ మాట దామోదర్‌తో అనలేదు.

షికాగో ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పొద్దున పదిన్నరకి పిలిచారు. ఆఫీసర్ యాభై దాటిన మనిషి, మర్యాదస్థుడు. ప్రమాణం చేయించి, సరిచేసిన బర్త్ సర్టిఫికెట్ పక్కన పాతది పెట్టాడు. ఇరవై ఏళ్లు ఎవరికీ కనపడని పొరపాటు, అవసరం పడిన రెండు నెలలకే ఎలా కనపడిందని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జయంతి వాదించలేదు. కవర్ ఆయన ముందు పెట్టి, దీన్ని ఇంతవరకు ఎవరూ విప్పలేదని చెప్పింది.

ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపాడు. కీబోర్డ్ సొరుగులో పెట్టాడు. కాగితం విప్పాడు.

గది చీకటైపోయింది. కిటికీ అవతల షికాగో ఎండ అలాగే ఉంది, లోపల మాత్రం అర్ధరాత్రి దాటిన వేళ. పైన లైట్లు ఆరిపోయాయి. ముందు తడిమట్టి వాసన, ఆ వెనకే వాన. సెప్టెంబర్‌లో కోదాడ మీద పడే వాన, ఆగకుండా, ఏటవాలుగా. ఆఫీసర్ సొరుగులోంచి టార్చ్ తీసి కాగితం మీదకి వంగాడు, మీద నీళ్లు పడకుండా చేయి అడ్డం పెట్టి చదివాడు. నీలం సిరాతో ఉంది: తేదీ 15, సమయం తెల్లవారుజామున 2.40, ఆడపిల్ల, రెండు కిలోల ఏడు వందలు.

చదవడం అయినా ఆయన కాగితం మడవలేదు. టార్చ్ ఆపేసి కాసేపు ఆ చీకట్లోనే కూర్చున్నాడు. మొన్న రాసి పంపిన కాగితంలో ఇంత రాత్రి పట్టదు. అది జయంతికి తెలుసు, ఆయనకీ తెలుసు. నెత్తి మీద నీళ్లు కారుతుంటే ఆమె వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కాలిక్యులేటర్ నొక్కి పంపేసిన ఆ ఇద్దరు లాయర్లూ ఇక్కడుంటే బాగుండేదనిపించింది.

ఆయన కాగితం మడిచాడు. వెలుగొచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని హాసిని వైపు తిరిగాడు.

"నువ్వింకా ప్రమాణం మీదే ఉన్నావు. నీ పుట్టిన తేదీ చెప్పు."

హాసిని జుట్టంతా తడిసి ముఖానికి అంటుకుంది. ఇన్నేళ్లుగా స్కూల్లో, డాక్టర్ దగ్గర, కేకుల మీద ఉన్న తేదీ నోటిదాకా వచ్చినట్టుంది, ఒక క్షణం ఆగింది.

"సెప్టెంబర్ పదిహేను, రెండువేల నాలుగు," అంది.

ఆఫీసర్ తన ఫారంలో పాత వీసా రికార్డుల ప్రకారం ఉన్న పద్నాలుగు కొట్టేసి పదిహేను రాశాడు. పక్కన పొట్టి సంతకం చేశాడు. తర్వాత విడిగా పక్కన పెట్టిన హాసిని ఫైల్ తీసి, తల్లిదండ్రుల ఫైళ్ల మధ్యలో పెట్టి, మూడింటికీ కలిపి ఒకే క్లిప్పు బిగించాడు.